ఎన్నేళ్లు ఓడగలిగితే స్నూకర్ వృత్తి అవుతుంది? గోదావరి డెల్టా నుంచి ఒక లెక్క

2025 మే నెలలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో, క్రూసిబుల్ థియేటర్‌లో, ఝావో షింటాంగ్ అనే చైనా ఆటగాడు మార్క్ విలియమ్స్‌ను 18–12 ఫ్రేమ్‌లతో (ఫ్రేమ్ అంటే మ్యాచ్‌లోని ఒక్కో ఆట) ఓడించి ప్రపంచ స్నూకర్ ఛాంపియన్ అయ్యాడు. స్నూకర్ అంటే పచ్చ క్లాత్ పరిచిన పెద్ద టేబుల్ మీద, క్యూ అనే పొడవాటి కర్రతో వైట్ బాల్‌ను కొట్టి, దానితో రంగు బంతులను టేబుల్ అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట. ఆసియా ఆటగాడికి ఆ టైటిల్ దక్కడం అదే మొదటిసారి. గెలిచినవాడికి ఇచ్చే సొమ్ము 5 లక్షల పౌండ్లు. మన డబ్బులో చెప్పుకుంటే 5 కోట్ల రూపాయల పైమాటే. ఆ అంకె వినగానే భీమవరంలోనో కాకినాడలోనో కాలేజీ అయ్యాక స్నూకర్ పార్లర్‌కు వెళ్లి క్యూ పట్టుకునే కుర్రాళ్లకు ఆశ పుడుతుంది. వాళ్ల ఇళ్లలో భయం పుడుతుంది. ఈ ఆట కూడు పెడుతుందా, పెడితే ఎప్పుడు పెడుతుంది, అంతవరకు ఎవరు పెట్టాలి అన్నవి ఇటు పిల్లలకూ అటు పెద్దలకూ సరిగ్గా తెలియకపోవడమే ఆ ఆశకూ ఈ భయానికీ కారణం.

చేతిలో ఆట ఉండాలన్నది నిజమే. కానీ స్నూకర్‌ను వృత్తిగా నిలబెట్టేది అదొక్కటే కాదు. పైసా రాకుండా, ఓడుతూ, ఓడిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకుంటూ ఎన్నేళ్లు ఆగగలడన్నదే ఆటగాడి భవిష్యత్తును తేలుస్తుంది. ఆ ఏళ్ల ఖర్చు మోసేవాళ్లు ఉన్న చోట ఛాంపియన్లు తయారయ్యారు. లేని చోట మంచి ఆటగాళ్లు ఇరవై రెండో ఏటికే క్యూ పక్కన పెట్టి ఉద్యోగాల్లో చేరిపోయారు. గోదావరి డెల్టా ఇప్పటిదాకా రెండో కోవలోనే ఉంది. ఎందుకో చూడాలంటే ముందు టేబుల్ దగ్గరికే వెళ్లాలి.

టేబుల్ దగ్గర మొదలయ్యే తేడా

స్నూకర్ టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పచ్చ క్లాత్ కింద అయిదు పెద్ద పలకరాళ్లు, వాటిని మోయడానికి ఎనిమిది కాళ్లు. మొత్తం బరువు టన్నుకు పైనే. క్యూ పొడవు అయిదడుగులకు కాస్త తక్కువ. చుట్టూ చెయ్యి ఆడాలంటే నాలుగు వైపులా అయిదేసి అడుగులు వదలాలి. అంటే ఒక్క టేబుల్‌కు 22 అడుగులు, 16 అడుగుల గది కావాలి. భీమవరం, రాజమహేంద్రవరం మెయిన్ రోడ్ల అద్దెలు తెలిసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. అదే గదిలో కాస్త ఇరికించి రెండు పూల్ (ఇదే తరహాలో చిన్న టేబుల్ మీద ఆడే ఆట) టేబుళ్లు వేస్తే, వచ్చే విద్యార్థులూ ఎక్కువే, గంటకు వచ్చే డబ్బూ ఎక్కువే. పూల్ పది నిమిషాల్లో వస్తుంది, స్నూకర్‌కు నెలలు పడుతుంది. డెల్టా ఊళ్లలో పార్లర్ అంటే ముందుగా పూల్ కనిపించడం వెనుక ఉన్నది ఈ లెక్కే. యజమానిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

టేబుల్ ఉన్న చోట కూడా అసలు చిక్కు క్లాత్‌తో వస్తుంది. అది ఉన్నితో నేసిన బట్ట. దాని మీద సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు టేబుల్ ఒక చివరి నుంచి బ్లాక్ బాల్ ఉండే చివర వైపు ఒకే దిశలో వాలి ఉంటుంది. నెమ్మదిగా దొర్లే బంతి ఆ వాలును బట్టి పక్కకు లాగుతుంది. మంచి ఆటగాడు ఆ లాగుడును కూడా లెక్కలోకి తీసుకుని గురి పెడతాడు. ఇప్పుడు దీనికి డెల్టా గాలి కలపండి. మూడు వైపులా కాలువలు, చేలు, చెరువులు. తొలకరి మొదలుకొని తుపాన్ల కాలం ముగిసేదాకా గోడలే చెమరుస్తుంటే ఉన్ని బట్ట పొడిగా ఎలా ఉంటుంది? తేమ పీల్చిన క్లాత్ మీద బంతి బరువుగా కదులుతుంది. కుషన్ (టేబుల్ అంచున ఉండే రబ్బరు గట్టు) తగిలి వచ్చే కోణం నిన్నటిలా ఉండదు. ప్రొఫెషనల్ టోర్నీల్లో పలకరాళ్ల కింద హీటర్లు అమర్చి క్లాత్‌ను ఎప్పుడూ పొడిగా, వేగంగా ఉంచుతారు. క్లాత్‌ను తరచూ కొత్తది వేస్తారు. మన దగ్గర చాలాచోట్ల అది చిరిగేదాకా మారదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఆటగాడి ఒంట్లో దిగే విషయం. నెమ్మదైన టేబుల్ మీద వైట్ బాల్‌ను రెండు మూడు కుషన్లు తిప్పి కావలసిన చోటికి తెచ్చుకోవాలంటే గట్టిగా కొట్టాలి. గట్టిగా కొట్టేకొద్దీ భుజం కదులుతుంది. భుజం కదిలితే క్యూ తిన్నగా పోదు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడు ఇలాంటి టేబుల్ మీద మూడేళ్లు ఆడితే ఆ కొట్టుడు అతని పద్ధతి అయిపోతుంది. తర్వాత హైదరాబాద్‌లోనో ముంబయిలోనో జాతీయ పోటీలకు వెళ్లినప్పుడు వేగమైన క్లాత్ మీద అదే దెబ్బకు వైట్ అనుకున్న చోట ఆగదు, పాకెట్‌లో పడుతుంది, లేదా బంతుల గుంపు వెనక దాక్కుంటుంది. ఇంటికొచ్చి ఆ కుర్రాడు ఒత్తిడి తట్టుకోలేకపోయానంటాడు. నిజానికి అతను అలాంటి టేబుల్ మీద అంతకుముందు ఆడి ఉండడు.

ఆట ఎంత సన్నని దారి మీద నడుస్తుందో అంకెల్లో చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. పాకెట్ నోరు రెండు బంతులు పక్కపక్కన పట్టనంత ఇరుకు. 15 రెడ్లు, ప్రతి రెడ్ తర్వాత ఒక బ్లాక్, చివర ఆరు రంగు బంతులు వరుసగా వేస్తే 147 పాయింట్లు, ఒకే విడతలో మామూలుగా చేయగల గరిష్ఠం. అంటే తప్పు లేకుండా 36 దెబ్బలు. ప్రతి దెబ్బలోనూ రెండు పనులుంటాయి: ఈ బంతిని వేయడం, వైట్‌ను తర్వాతి బంతికి అనువైన చోట ఆపడం. కొత్తగా నేర్చుకునేవాళ్ల చూపు మొదటి పని మీదే ఉంటుంది. వృత్తి మొత్తం రెండో పని మీద ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండ్ ఆటగాడు రోనీ ఓసలివన్ 1997లో క్రూసిబుల్‌లో 5 నిమిషాల 8 సెకన్లలో 147 పూర్తి చేసిన ఆట చూస్తే, అందులో కష్టమైన పాట్ (బంతిని పాకెట్‌లో వేయడం) దాదాపు కనిపించదు. ప్రతిదీ సులువుగా ఉంటుంది. ఆ సులువు తెచ్చుకోవడానికే ఏళ్లు పడతాయి.

ఓడినవాడే టేబుల్ డబ్బు కట్టే పద్ధతి

డెల్టాలోనే కాదు, దేశంలో చాలాచోట్ల పార్లర్ ఆటకు ఒక నియమం ఉంది: ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టాలి. స్నేహితుల మధ్య అది సరదా. కానీ అది ఆట పెరుగుదలను ఎలా చంపుతోందో ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్లో బాగా ఆడేవాడు రోజంతా ఉచితంగా ఆడతాడు. కొత్తవాడు రోజూ జేబులోంచి తీస్తాడు. నెల తిరిగేసరికి కొత్తవాడు మానేస్తాడు, లేదా తనకంటే కొత్తవాడిని వెతుక్కుంటాడు. చివరికి ప్రతి పార్లర్‌లో ఒక మంచి ఆటగాడు మిగులుతాడు, అతనితో సమానంగా ఆడేవాడు మాత్రం మిగలడు.

సమానమైన ప్రత్యర్థి లేకపోతే ఏం పోతుంది? సేఫ్టీ ఆట పోతుంది. వేయడానికి బంతి లేనప్పుడు వైట్‌ను వెనక్కి, కుషన్‌కు అంటించి, ఎదుటివాడికి కష్టం మిగిల్చే విద్య అది. తప్పు సేఫ్టీకి శిక్ష పడినప్పుడే అది నేర్చుకోగలం. బలహీనమైన ప్రత్యర్థి శిక్షించలేడు. అతని ముందు ఒక రెడ్ వదిలేసినా పది పాయింట్లు చేసి ఆగిపోతాడు. పెద్ద పోటీల్లో అలా వదిలిన ఒక్క రెడ్‌కు ఫ్రేమ్ మొత్తం పోతుంది. ఆ ఫ్రేమ్ పోతున్నంతసేపూ కుర్చీలో కూర్చుని చూడడం తప్ప చేయగలిగింది ఉండదు. ఎదుటివాడు ఆడుతుంటే ఏమీ చేయలేని ఆటలు తక్కువ. షటిల్‌లోనో టెన్నిస్‌లోనో ప్రతి షాట్‌కూ జవాబు ఇచ్చే అవకాశం ఉంటుంది. స్నూకర్‌లో ఆ కుర్చీని భరించడం కూడా నేర్చుకోవలసిన విద్యే, అది పార్లర్‌లో దొరకదు.

పందెం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సంక్రాంతికి కోడి పందేల బరులు నిండే ప్రాంతం ఇది. ఫ్రేమ్‌కు ఇంత అని పెట్టుకుని ఆడడాన్ని ఇక్కడి కుర్రాళ్లు తప్పు అనుకోరు. ప్రొఫెషనల్ స్నూకర్‌లో మాత్రం ఆటగాడు ఏ స్నూకర్ మ్యాచ్ మీదా, తాను ఆడనిదైనా సరే, పందెం కట్టకూడదు. 2023లో పది మంది చైనా ఆటగాళ్లపై నిషేధాలు పడ్డాయి. వాళ్లలో ఇద్దరికి జీవితకాల నిషేధం. ఝావో షింటాంగ్ కూడా ఆ పదిమందిలో ఒకడు. తాను మ్యాచ్ ఫిక్స్ చేయకపోయినా, మరొకరి ఫిక్సింగ్‌లో భాగమై, మ్యాచ్‌ల మీద పందెం కట్టినందుకు అతనికి 20 నెలల నిషేధం పడింది. 2021లో యూకే ఛాంపియన్‌షిప్ గెలిచి పైకి ఎగబాకుతున్న వయసులో అంత కాలం పోయింది. తిరిగొచ్చాక అమెచ్యూర్‌గా మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కి, నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు, ఆపైన అయిదు మ్యాచ్‌లు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. అతని పట్టుదలను మెచ్చుకోవాలి. అయితే నిషేధం తర్వాత అలా తిరిగి రాగలిగేవాళ్లు ఎందరుంటారు? ఇక్కడ అలవాటుగా సాగిపోయేది అక్కడ వృత్తినే ముగించగలదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

టూర్ కార్డు, రెండేళ్ల గడువు

ప్రొఫెషనల్ టూర్‌లో, అంటే ఏడాది పొడవునా సాగే ప్రొఫెషనల్ టోర్నీల వరుసలో, ఒక సీజన్‌కు సుమారు 128 మంది ఆటగాళ్లు ఉంటారు. కొత్తగా అడుగుపెట్టేవాడికి రెండేళ్ల కార్డు, అంటే ఆ టోర్నీల్లో ఆడే హక్కు, ఇస్తారు. 2014 నుంచి ర్యాంకింగ్ అంటే ప్రైజ్ మనీయే. గడిచిన రెండేళ్లలో ఎన్ని పౌండ్లు గెలిచాడో అదే అతని స్థానం. మొదటి 64 మందిలో ఉంటే కార్డు నిలుస్తుంది. లేకపోతే క్యూ స్కూల్ అనే అర్హత పోటీల్లో మళ్లీ గెలిచి రావాలి. కొత్త ఆటగాడు సున్నాతో మొదలై, అప్పటికే రెండేళ్ల సంపాదన ఖాతాలో ఉన్నవాళ్లతో పోటీ పడాలి. ఆరు నెలలు ఇంగ్లండ్ వాతావరణానికి, టేబుళ్లకు, ప్రయాణాలకు అలవాటు పడేసరికి గడువులో నాలుగో వంతు కరిగిపోతుంది.

డబ్బు పంపకం చూడండి. 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో విజేతకు 5 లక్షల పౌండ్లు, రన్నరప్‌కు 2 లక్షలు, సెమీఫైనల్‌లో ఓడినవాళ్లకు లక్ష, క్వార్టర్‌ఫైనల్‌లో ఓడినవాళ్లకు 50 వేలు. క్రూసిబుల్‌లో అడుగుపెట్టి మొదటి మ్యాచ్‌లోనే ఓడినవాళ్లకు 20 వేలు. క్వాలిఫయింగ్ తొలి రౌండ్‌లో ఓడినవాడికి ఏమీ లేదు. డెల్టా రైతుకు ఈ పంపకం కొత్తగా అనిపించదు: లాకు దగ్గరి పొలాలకు నిండుగా పారే నీరు శివారు భూములకు చేరేసరికి ఎలా ఉంటుందో, ప్రైజ్ మనీ కూడా అంతే. టూర్ నిర్వాహకులు 2022–23 సీజన్‌లో ప్రయోగంగా ప్రతి ఆటగాడికి సీజన్‌కు 20 వేల పౌండ్ల కనీస ఆదాయానికి హామీ ఇచ్చారు. గెలిచే సొమ్ములోంచి సర్దుబాటు చేసుకునే పద్ధతిలోనే అయినా, కింది వరుస ఆటగాళ్లు ఎంత ఇబ్బంది పడుతున్నారో ఒప్పుకున్నట్టే అది. ఆ 20 వేలలోంచే షెఫీల్డ్‌లో గది అద్దె, ప్రాక్టీసు టేబుల్ ఖర్చు, రైలు టికెట్లు, హోటళ్లు, చైనాలో జరిగే టోర్నీలకు విమానాలు అన్నీ వెళ్లాలి.

ఇంటి నుంచి వెళ్లి వస్తూ ఆడలేరా అంటే, కష్టం. టూర్ కేంద్రం ఇంగ్లండే. చైనా, సౌదీ టోర్నీల ప్రైజ్ మనీ పెరిగినా, చైనా టోర్నీల ముందు రౌండ్లు చాలావరకు బ్రిటన్‌లోనే ఆడిస్తారు. అందుకే చైనా వాళ్లు షెఫీల్డ్‌లో అకాడమీలు పెట్టుకుని, తమ పిల్లలను టీనేజీలోనే అక్కడికి పంపి, కలిసి ఉంచి, కలిసి ఆడించారు. డింగ్ జున్‌హుయ్ 2005లో 18 ఏళ్లకు చైనా ఓపెన్ ఫైనల్లో ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన స్టీఫెన్ హెండ్రీని ఓడించిన నాటి నుంచి ఝావో టైటిల్ దాకా ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్లలో ఓడి వెనక్కి వెళ్లిపోయిన చైనా ఆటగాళ్లను లెక్కపెడితే ఆ గెలుపు ఖరీదు తెలుస్తుంది. భారతీయులకు కాస్త ఊరట ఏమిటంటే, 2022 నుంచి ఆసియా–ఓషియానియా క్యూ స్కూల్ థాయిలాండ్‌లో పెడుతున్నారు. అర్హత కోసం ఇంగ్లండ్ దాకా వెళ్లే ఖర్చు తగ్గింది. అర్హత పొందాక పడే ఖర్చు మాత్రం తగ్గలేదు.

మన దేశం వాళ్లు ఏం చేశారు

ఈ ఆట పుట్టింది ఇక్కడే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ ఛాంబర్లిన్ అనే బ్రిటిష్ సైనికాధికారి బిలియర్డ్స్ (స్నూకర్‌కు ముందున్న మూడు బంతుల ఆట) టేబుల్ మీద రంగు బంతులు కలిపి ఆడించాడు. 1882లో ఊటీ క్లబ్‌లో నియమాలు రాసి గోడకు పెట్టారు. అప్పట్లో గోదావరి జిల్లా, ఊటీ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అయినా ఆ క్లబ్బుల తలుపులు ఊరి పిల్లలకు తెరుచుకోలేదు. క్లబ్ సభ్యత్వం, ఆఫీసర్ హోదా లేనివాడు టేబుల్‌ను కిటికీలోంచి చూడాల్సిందే. ఆ అలవాటు తాలూకు నీడ ఇంకా పోలేదు.

స్వతంత్ర భారతంలో ఏ ఆటలోనైనా మొదటి ప్రపంచ ఛాంపియన్ క్యూ ఆటగాడే. ముంబయికి చెందిన విల్సన్ జోన్స్ 1958లో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. 1984లో ఓమ్ అగర్వాల్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ తెచ్చాడు. 2003లో పంకజ్ అద్వానీ పద్దెనిమిదేళ్లకే అదే టైటిల్ గెలిచి, ఆ తర్వాత బిలియర్డ్స్, స్నూకర్ కలిపి పాతికకు పైగా ప్రపంచ టైటిళ్లు పోగేశాడు. అలాంటి అద్వానీ 2012లో ప్రొఫెషనల్ టూర్‌లో చేరి, 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లి, 2014లో కార్డు వదిలేసి వెనక్కి వచ్చాడు. దీన్ని ఓటమి అనడం తొందరపాటు. అతనికి ఇక్కడ బిలియర్డ్స్ ఉంది, కుటుంబం ఉంది, ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది. అక్కడ అరవయ్యో స్థానం కోసం పెనుగులాడేకంటే ఇక్కడ ప్రపంచ టైటిళ్లు గెలవడం మేలని అతను తేల్చుకున్నాడు. ఆ నిర్ణయం తీసుకోగలిగిన స్థితిలో అతను ఉన్నాడన్నదే ఇక్కడ గమనించాల్సింది.

ఆదిత్య మెహతా 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్ ఫైనల్‌కు చేరాడు. ర్యాంకింగ్ టోర్నీ ఫైనల్ ఆడిన తొలి భారతీయుడు అతనే. డింగ్ జున్‌హుయ్ చేతిలో 0–5తో ఓడాడు. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ పోటీలో 147 చేశాడు. ఇష్‌ప్రీత్ సింగ్ చడ్ఢా 2024 ఇంగ్లిష్ ఓపెన్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. వీళ్లను చూస్తే భారతీయుడికి ఆట చేతకాదన్న మాట తేలిపోతుంది. చేతకాకపోవడం కాదు, ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఓడే వెసులుబాటు లేదు. మన వాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లారు, చైనా వాళ్లు గుంపుగా వెళ్లారు.

అమలాపురం నుంచి ఒక దారి ఎలా పడింది

డెల్టాలో పుట్టిన కుర్రాడు ప్రపంచంలో మొదటి స్థానానికి చేరడం అసాధ్యమేమీ కాదు. అమలాపురం బిడ్డ సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి 2023లో బ్యాడ్మింటన్ డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ ఏడాదే ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు. ఆ కథలో ప్రతిభ ఎంతుందో దారి కూడా అంతే ఉంది. ఇంట్లో వ్యాయామ ఉపాధ్యాయుడైన తండ్రి, చిన్నప్పటి నుంచి దొరికిన కోర్టు, 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చోటు. అక్కడ రోజూ తనంతటివాళ్లు, తనకంటే గట్టివాళ్లు ఎదురుగా ఉన్నారు. ఓడినా ఎవరూ అతని దగ్గర కోర్టు డబ్బులు వసూలు చేయలేదు.

స్నూకర్‌కు ఆ దారిలో ప్రతి మెట్టూ విరిగే ఉంది. బడిలో ఆట లేదు. ఒలింపిక్స్‌లో లేదు. ఆసియా క్రీడల్లో 1998 నుంచి 2010 దాకా ఉండి ఆగిపోయింది. పతకం వచ్చే అవకాశం లేని ఆటకు ప్రభుత్వ సొమ్ము రావడం కష్టం. వయసు కూడా అడ్డమే. హెండ్రీ, ఓసలివన్ ఇద్దరూ పదహారేళ్లకే ప్రొఫెషనల్ అయ్యారు. మన దగ్గర అది ఇంటర్ మొదటి సంవత్సరం. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటికి ముగిసే కార్పొరేట్ కాలేజీ వయసు. చేతికి అలవాట్లు స్థిరపడే ఆ రెండేళ్లలోనే మన పిల్లలు టేబుల్‌కు పూర్తిగా దూరమవుతారు. ఇంజినీరింగ్‌లో చేరాక మళ్లీ పార్లర్‌కు వస్తారు. అప్పటికి అది వృత్తి అయ్యే వయసు దాటి, కాలక్షేపం అవుతుంది.

ఆడపిల్లలకైతే దారి మొదలే కాదు. పొగ, అరుపులు, పందేలు ఉన్న పార్లర్‌కు ఏ తల్లీ కూతురిని పంపదు. అయినా ఇది కండబలం ఆట కాదు. ఇంగ్లండ్‌కు చెందిన రియాన్ ఎవన్స్ పన్నెండుసార్లు మహిళల ప్రపంచ ఛాంపియన్ అయింది. 2021 నుంచి మహిళల టూర్‌లో ముందున్నవాళ్లకు ప్రధాన టూర్ కార్డులు ఇస్తున్నారు. ఊళ్లో ఒక శుభ్రమైన గది ఉంటే చాలు, సగం జనాభాకు తలుపు తెరుచుకుంటుంది.

చమురు కంపెనీ జీతం

భారతదేశంలో క్యూ ఆటగాడికి నిజంగా కూడు పెట్టిన వ్యవస్థ ప్రభుత్వ రంగ చమురు సంస్థలది. ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలు క్రీడాకారులను ఉద్యోగంలోకి తీసుకుంటాయి. పెట్రోలియం సంస్థల క్రీడా మండలి తరఫున ఆడేవాళ్లు జాతీయ పోటీల్లో ఏళ్లుగా ముందు వరుసలో ఉన్నారు. గెలిచినా ఓడినా నెలాఖరుకు జీతం వస్తుంది. ఈ వ్యాసం మొదట్లో అడిగిన ప్రశ్నకు, అంటే ఓడే ఏళ్ల ఖర్చు ఎవరు మోస్తారన్న ప్రశ్నకు, మన దేశంలో దొరికిన ఒకే గట్టి జవాబు ఇది.

ఆ ఓఎన్‌జీసీ డెల్టాకు కొత్త కాదు. రాజమహేంద్రవరం కేంద్రంగా దాని అసెట్ (చమురు, గ్యాస్ ఉత్పత్తి విభాగం) పనిచేస్తోంది. కోనసీమ కొబ్బరి తోటల మధ్య దాని బావులున్నాయి, చేల కింద గ్యాస్ పైపులున్నాయి. 1995లో పాసర్లపూడి బావి మంటలు ఇక్కడి పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఆ గ్యాస్ తీసే సంస్థ జీతంతోనే దేశంలోకెల్లా పెద్ద క్యూ ఆటగాడు నిలబడ్డాడు. ఈ ప్రాంతంలో క్రీడలకు సంస్థ ఇచ్చే సాయంలో రెండు మంచి టేబుళ్లు, ఒక కోచ్ జీతం అడగడం అత్యాశ కాదు. ఇక్కడి ప్రజాప్రతినిధులు, క్రీడా సంఘాలు గట్టిగా అడగాల్సిన విషయం.

ఈ వృత్తికి ఇంకో మంచి గుణం ఉంది, దాన్ని తల్లిదండ్రులు తెలుసుకోవాలి. శరీరం త్వరగా అరిగిపోదు. ఓసలివన్, జాన్ హిగిన్స్, మార్క్ విలియమ్స్ ముగ్గురూ 1992లో ప్రొఫెషనల్ అయ్యారు. ఓసలివన్ 2022లో 46 ఏళ్లకు ఏడో ప్రపంచ టైటిల్ గెలిచాడు. విలియమ్స్ 50 ఏళ్లకు ఫైనల్ ఆడాడు. క్రికెటర్‌కు, షటిల్ ఆటగాడికి ఈ వరం లేదు. కాబట్టి పాతికేళ్లకు కార్డు రాలేదని అంతా అయిపోయినట్టు కాదు. ఉద్యోగం చేస్తూ జాతీయ స్థాయిలో ఆడేవాళ్లు ఉన్నారు. కోచింగ్, రిఫరీ పని, టేబుల్ బిగించే పని, క్యూ మరమ్మతు వంటివీ ఉన్నాయి. టేబుల్ సరిగ్గా లెవల్ చేయగల పనివాడు దొరకడం కోస్తాలో ఈరోజుకీ కష్టమే.

ముందు చేయాల్సింది

డెల్టాకు ఇప్పుడు అకాడమీ భవనం అవసరం లేదు. ఉన్న టేబుళ్లు సరిగ్గా వాడితే మొదటి అయిదేళ్లు గడుస్తాయి. పట్టణ క్లబ్బుల్లో పగలు ఖాళీగా ఉండే టేబుల్‌ను సాయంత్రం సభ్యులు వచ్చేలోగా ఎంపిక చేసిన పది మంది పిల్లలకు ఇవ్వవచ్చు. గదిలో తేమ తగ్గించే యంత్రం పెట్టి, క్లాత్‌ను సీజన్‌కోసారి మార్చాలి. టేబుల్ డబ్బులు ఓడినవాడి దగ్గర కాకుండా ఇద్దరి దగ్గరా సగం సగం తీసుకోవాలి, పదహారేళ్ల లోపు వాళ్ల దగ్గర అసలే వద్దు. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం ఒకదానికొకటి రెండు మూడు గంటల బస్సు దూరంలో ఉన్నాయి. నెలకో ఆదివారం ఒక ఊళ్లో నాలుగు ఊళ్ల పిల్లలు కలిసి ఆడితే, ప్రతి పార్లర్‌లో ఒంటరిగా ఉన్న మంచి ఆటగాడికి ప్రత్యర్థి దొరుకుతాడు. సేఫ్టీ దానంతట అదే వస్తుంది.

ఇంట్లో తీసుకోవలసిన నిర్ణయానికి కూడా ఒక కొలత ఉండాలి. పదిహేనేళ్ల లోపు పిల్లవాడికి చదువుతోపాటు రోజుకు రెండు గంటల మంచి టేబుల్ చాలు. పదహారేళ్లకు ఒంటరిగా ప్రాక్టీసులో యాభై పాయింట్ల బ్రేకులు (ఒకే విడతలో ఆగకుండా చేసే పాయింట్లు) తరచుగా వస్తున్నాయా, పద్దెనిమిదికి రాష్ట్ర జూనియర్ పోటీల్లో ముందుండి జాతీయ జూనియర్ పోటీల్లో మొదటి రౌండ్లు దాటుతున్నాడా అన్నది చూడాలి. దాటితే డిగ్రీ దూరవిద్యకు మార్చి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గట్టి ఆటగాళ్లున్న క్లబ్‌లో ఏడాది ఉంచవచ్చు. ఆ తర్వాతి లక్ష్యం జాతీయ సీనియర్ పోటీల్లో పేరు, దాంతో వచ్చే ఉద్యోగం. థాయిలాండ్ క్యూ స్కూల్‌కు వెళ్లడం ఆ జీతం మొదలయ్యాకే. ఇంగ్లండ్ వీసా మాట కార్డు చేతికొచ్చాక, రెండేళ్ల ఖర్చు ఎవరిస్తారో కాగితం మీద తేలాక ఎత్తాలి. పొలం అమ్మో, రొయ్యల చెరువు తాకట్టు పెట్టో పిల్లవాడిని షెఫీల్డ్ పంపాలనుకునే తండ్రి మాత్రం ఆగాలి. ఆ అప్పు బరువు మోస్తూ ఏ పిల్లవాడూ బ్లాక్ బాల్ మీద గురి సరిగ్గా నిలపలేడు.